ఎదురు వాలు కుట్టు

ఆర్కే పురం గవర్నమెంటు క్వార్టర్లలో ఏడుగురు తెలుగు ఆడవాళ్ళు ఏళ్ళ తరబడి బొంతలు కుట్టుకున్నారు. చెబితే నవ్వుతారు గానీ, ఆ ఏడుగురిలో ఎవరి బొంతలోనూ వాళ్ళ సొంత చీర ముక్క ఒక్కటి కూడా ఉండదు. అది అన్నపూర్ణేశ్వరి పెట్టిన రూలు. నెలలో మొదటి బుధవారానికి ఒక్కొక్కరు తమ పాత చీరల్లోంచి ఆరేసి చదరపు గళ్ళు కుట్టి తేవాలి. మిగతా ఆరుగురికీ తలా ఒకటి ఇచ్చి, వాళ్ళ దగ్గర తలా ఒకటి పుచ్చుకోవాలి. ఏడాది తిరిగేసరికి డెబ్బై రెండు గళ్ళవుతాయి. అవన్నీ కలిపి కుట్టుకుంటే ఒక బొంత.

"నా చీర నేను కప్పుకోడానికి ఇంత యాగీ దేనికే? పక్కింటావిడ చీర కప్పుకుంటేనే ఈ ఢిల్లీ చలి ఆగుతుంది" అనేది ఆవిడ.

అన్నపూర్ణేశ్వరి భర్త త్యాగరాజు గారు ఏదో మంత్రిత్వ శాఖలో సెక్షన్ ఆఫీసరు. ఆయన ఆఫీసులో పారేసిన ఫైలు అట్టను జానెడు చదరంగా కోసి, గడికి అదే కొలత అని తేల్చింది ఆవిడే. అడుగు గుడ్డ మీద నాలుగు చీర ముక్కలు పేర్చి, అంచులు లోపలికి మడిచి, చుట్టూ హెమ్మింగ్ చెయ్యాలి. హెమ్మింగ్ కుట్టు నిటారుగా ఉండదు, కాస్త వాలుతుంది. కుడిచేత్తో కుట్టేవాళ్ళది ఒక పక్కకు వాలితే, ఎడమచేత్తో కుట్టేవాళ్ళది దానికి ఎదురు పక్కకు వాలుతుంది. ఏడుగురిలోనూ ఎడమచేతి వాటం అన్నపూర్ణేశ్వరి ఒక్కతిదే. అందుకని ఏ బొంత పరిచినా ఆవిడ గళ్ళు ఏవో ఇట్టే పోల్చుకోవచ్చు. అన్ని జల్లులూ ఒక పక్కకు పడుతుంటే ఒక్క జల్లు మాత్రం ఎదురుగాలికి పడ్డట్టుండేది.

ఆ ఎడమచెయ్యికి ఒక కథ ఉంది. అమలాపురం పక్కన పల్లెటూళ్ళో, అన్నానికి కూర్చుంటే వాళ్ళ నాయనమ్మ ఆ చెయ్యిని నడుముకు తువ్వాలుతో కట్టేసేదట. తినడం, ఇవ్వడం, ముగ్గెయ్యడం అన్నీ కుడిచేతికి అలవాటు చేశారు. సూది మాత్రం మాట వినలేదు. పెళ్ళయ్యాక అత్తగారు చూసి, ఎడమచేత్తో కుట్టిన గుడ్డ పసిపిల్ల కింద పరవకూడదని సూదిపెట్టె అటక మీద పెట్టించింది. త్యాగరాజు గారికి ఢిల్లీ ఉద్యోగం వచ్చి రైలెక్కేటప్పుడు, ఆ పెట్టెను అటక మీంచి దింపి చీరల మధ్య దాచి తెచ్చుకుంది అన్నపూర్ణేశ్వరి. "తినడానికి కుడిచెయ్యి, బతకడానికి ఎడమచెయ్యి" అని నవ్వేది. నవ్వుతూ చెప్పినా అందులో నవ్వులాట ఏమీ లేదని ఏడుగురిలో ఒకతైన కస్తూరికి తెలుసు.

కస్తూరిది కరీంనగర్ జిల్లా. భర్త మల్లేశానికి క్లర్కు ఉద్యోగం వచ్చి, తొంభైలో, సరిగ్గా డిసెంబరు నెలలో, నాలుగు నెలల పిల్లతో ఢిల్లీలో దిగింది. కింది అంతస్తు క్వార్టరు. హిందీ రాదు. తెలుగువాళ్ళున్నారు కదా అని లాన్‌లోకి వెళ్ళి నాలుగు మాటలు మాట్లాడితే, కోస్తా ఆడవాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుని పెదాలు బిగబట్టారు. కస్తూరి నోట్లోంచి "గట్లనే" అని వచ్చినప్పుడల్లా వాళ్ళకు నవ్వు ఆగేది కాదు. కస్తూరి నోరు మూసుకుని కుక్కిన పేనులా కూర్చుంది. అప్పుడు అన్నపూర్ణేశ్వరి కుడుతున్న గడి పక్కన పెట్టింది.

"ఈ అమ్మాయి మాటకు నవ్వు వచ్చేవాళ్ళు నేనిచ్చిన గళ్ళు విప్పి నాకిచ్చేయండి" అంది. అంతే. మళ్ళీ ఎవరూ నవ్వలేదు.

ఆ సాయంత్రమే తన బొంత తెచ్చి పిల్లకు కప్పింది. మర్నాటి నుంచి కస్తూరికి కుట్టు నేర్పడం మొదలుపెట్టింది.

"నా పక్కన కూచోకు. నాది ఎడమచెయ్యి, నీది కుడిచెయ్యి, గజిబిజి అయిపోతావు. ఎదురుగా కూచో. అద్దంలో చూసుకున్నట్టు నన్ను చూసి కుట్టు."

అలా ఎదురెదురుగా కూర్చోవడం ఆ ఇద్దరికీ అలవాటైపోయింది. కుట్టు వచ్చేశాక కూడా, లాన్‌లో చాప పరిస్తే కస్తూరి వెళ్ళి ఆవిడ ఎదుటే కూర్చునేది. అందరూ పిన్నిగారూ అంటే, కస్తూరి మాత్రం తమ వైపు పిలిచినట్టు చిన్నమ్మా అనేది. ఆ పిలుపు ఆవిడకు ఇష్టం. కన్నకూతురు వాసవి అయితే కాలేజీలో చేరాక అమ్మ తెలుగులో ఏమడిగినా "అచ్ఛా మమ్మీ, బాద్ మే" అని, తర్వాత చూద్దామన్నట్టు చక్కా పోయేది.

కుట్టు దగ్గర మాత్రం అన్నపూర్ణేశ్వరికి దయాదాక్షిణ్యాల్లేవు. కుట్టు కాస్త పొడుగైతే చాలు, "దీంట్లో కాలి బొటనవేలు ఇరుక్కుంటుందమ్మా" అని వెనక్కిచ్చేసేది. ఒకసారి విజయవాడ హైమవతి ఒళ్ళు మండి, "మీకూ పెద్దతనం వస్తుంది కదా పిన్నిగారూ, అప్పుడు చూస్తాం" అంది.

"చూడు. నా కుట్టు పాడైన రోజున సూది కింద పెట్టేస్తాను. మళ్ళీ ముట్టుకుంటే అడుగు" అంది ఆవిడ. అందరూ విన్నారు. ఆవిడ మాటంటే మాటే.

ఇక అసలు సంగతికి వద్దాం. పంచుకునే గళ్ళన్నీ సోమవారమే కస్తూరి ఇంటికి చేరేవి. కింది క్వార్టరు కాబట్టి అందరూ వెళ్తూ వస్తూ బుట్టలో పడేసి పోయేవారు. వాటిని ఏడు కట్టలుగా సర్దడం కస్తూరి పని. తొంభై అయిదు జనవరిలో అలా సర్దుతూ అన్నపూర్ణేశ్వరి గళ్ళు చేతిలోకి తీసుకుని ఆగిపోయింది. కుట్లు ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. ఒక మూల అంచు మడత దొరకక దారం గాల్లో పోయింది. ఒక గడిలో అయితే చీర ముక్క తిరగేసి, వెలిసిన వైపు పైకి పెట్టి కుట్టేసింది.

చిన్నమ్మకు కళ్ళు కనిపించడం లేదు. ఆ సంగతి కస్తూరికి ఆ క్షణమే తెలిసిపోయింది. తెలిశాక ఏం చెయ్యాలి? వెళ్ళి చెప్పాలి. చెబితే ఆవిడ సూది కింద పెట్టేస్తుంది. సూది లేని చిన్నమ్మను కస్తూరి ఊహించుకోలేకపోయింది. ఈ ఒక్కసారికేలే అనుకుని, తలుపు గడియ పెట్టుకుని, ఆ గళ్ళు విప్పి, ఆరూ కొత్తగా కుట్టింది. మంచి పనే చేశాననుకుంది, పిచ్చిది.

బుధవారం గళ్ళు పంచాక హైమవతి తన వంతు గడిని ఎండకు పట్టి చూసింది. ఆవిడ కళ్ళు డేగ కళ్ళు.

"పిన్నిగారూ, ఇదేమిటి, మీ కుట్టు మా అందరి కుట్టులాగే వాలింది?"

అన్నపూర్ణేశ్వరి గడి తీసుకుని బొటనవేలితో అంచు తడిమింది. మొహంలో ఏదో కదిలింది. "చలికి వేళ్ళు కొంకర్లు పోయి అటూ ఇటూ పట్టుకునుంటాను" అని తేల్చేసింది. ఎదురుగా కూర్చున్న కస్తూరికి జనవరి చలిలో చెమట పట్టింది.

ఫిబ్రవరి గళ్ళు ఇంకా అధ్వానంగా వచ్చాయి. కుడిచేత్తో కుడితే హైమవతి పట్టేస్తుంది. ఇంకేముంది, కస్తూరి సూదిని ఎడమచేతిలోకి మార్చింది. నవ్వకండి. అంత చక్కగా కుట్టే మనిషి, ఆ చేత్తో దారం ఎక్కించడానికే పావుగంట పట్టింది. సూది గుడ్డలో దిగడం మానేసి వేలిలో దిగేది. గడికి గంటన్నర. అయ్యాక చూస్తే అయిదేళ్ళ పిల్ల కుట్టినట్టుండేది. అయినా చిన్నమ్మ కుట్టిన దానికంటే నయమే, వాలు కూడా చిన్నమ్మదే.

"ఏందే, చెయ్యి మారింది?" అన్నాడు మల్లేశం ఒక సాయంత్రం టీ తాగుతూ.

"కుడిచెయ్యి గుంజుతున్నది."

"గుంజుతున్న చెయ్యితోనేగా పొద్దుగాల రొట్టెలు జేసినవు" అని నవ్వి, మళ్ళీ అడగలేదు. మంచివాడు.

ఏడాది గడిచింది. నెలకు ఆరు గళ్ళు. ఎడమ చూపుడువేలు కొస గట్టిపడిపోయింది, కారం కలిపితే మండేది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, ఈ సంగతి ఎవరికీ తెలియదనుకుంది కస్తూరి. నిజంగానే ఎవరికీ తెలియలేదు. కానీ గళ్ళు బాగాలేవని అందరికీ తెలుసు. అవి పిన్నిగారివే అనుకుని, ఎవరికి వారు నోరెత్తకుండా పుచ్చుకుని తమ బొంతల్లో కలిపేసుకున్నారు. ఆఖరికి హైమవతి కూడా.

తొంభై ఆరు జనవరిలో అన్నపూర్ణేశ్వరి కరోల్ బాగ్‌లో బస్సు నంబరు తప్పు చదివి, ఎక్కడో యమున అవతల దిగింది. రెండు గంటలు తిరిగి, ఎవరో షాపాయన్ని బతిమాలి ఇంటికి ఫోన్ చేయించింది. వాసవి ఆటో కట్టించుకుని పరుగెత్తింది. తల్లి ఫుట్‌పాత్ మీద కూర్చుని ఉందట. మర్నాడే కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. రెండు కళ్ళలోనూ శుక్లాలు, ముదిరిపోయాయన్నారు. ముందుగా ఎడమ కంటికి ఆపరేషన్ చేసి లెన్సు పెట్టారు. నెలా పదిహేను రోజులు సూది పట్టవద్దన్నారు.

మార్చి వచ్చింది. ఢిల్లీలో మార్చి అంటే రజాయిలకు, బొంతలకు ఎండ చూపించి, కలరా ఉండలు వేసి పెట్టెల్లో పెట్టేసే నెల. ఆ నెల మొదటి బుధవారం ఏడుగురూ తమ బొంతలన్నీ తెచ్చి లాన్ చుట్టూ ఉన్న ఇనుప కడ్డీల మీద వరసగా ఆరేశారు. నల్ల కళ్ళద్దాలు తీసేసి, కొత్త అద్దాలతో, చాలా రోజులకు బయటికి వచ్చింది అన్నపూర్ణేశ్వరి.

"అబ్బ, ఎన్ని రంగులే" అంది ముందు. చిన్నపిల్లలా ఒక్కొక్క బొంత దగ్గరికీ వెళ్ళి చూసింది. ఇది సుభద్ర మంగళగిరి చీర, ఇది కస్తూరి సిరిసిల్ల చీర అని చెప్పుకుంటూ పోయింది. హైమవతి బొంత దగ్గర ఆగింది. వంగి చూసింది. అక్కడినుంచి తర్వాతి బొంతకు వెళ్ళింది. దాని తర్వాతి దానికి. ఆరుగురి కొత్త బొంతల్లోనూ తన వెంకటగిరి చీర ముక్కలున్న గళ్ళు, అన్నింటిలోనూ ఆ వంకర కుట్లు, ఎదురు వాలుతో.

"ఇవన్నీ నావేనా?"

హైమవతి తన బొంతను కడ్డీ మీద సర్దసాగింది.

"ఏడాది పొడుగునా ఇలాంటివి మీకంటగట్టేనా? ఒక్కళ్ళూ చెప్పలేదేవే."

"బాగాలేకపోతేనేం పిన్నిగారూ" అంది హైమవతి. "వెచ్చగానే ఉన్నాయి."

ఆ మాటతో అన్నపూర్ణేశ్వరి కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. చేతిసంచిలోంచి సూదిపెట్టె తీసి హైమవతి చేతిలో పెట్టింది. "నేనన్న మాట నీకు గుర్తుందిగా. ఇక నీ దగ్గరుంచు. అట్ట కూడా అందులోనే ఉంది" అని చెప్పి మెట్లెక్కి వెళ్ళిపోయింది.

తనవి కాని కుట్లకు చిన్నమ్మ శిక్ష వేసుకుంది. ఏ సూదిని కాపాడాలని కస్తూరి ఏడాది పాటు వేళ్ళు పొడుచుకుందో, ఆ సూదిని తన కుట్లే లాగేశాయి. ఆ రాత్రి అన్నం సయించలేదు. మర్నాడు పిల్లను బడికి పంపి, ట్రంకుపెట్టె అడుగునుంచి పాత చీర మూట ఒకటి తీసి, హైమవతి దగ్గర సూదిపెట్టె అడిగి పుచ్చుకుని, పై అంతస్తుకు వెళ్ళింది. హైమవతి ఎందుకని అడగలేదు.

అన్నపూర్ణేశ్వరి దివాన్ మీద ఊరికే కూర్చుని ఉంది. చేతులు ఒళ్ళో ఉన్నాయి. ఆ చేతులు ఖాళీగా ఉండగా కస్తూరి ఎప్పుడూ చూడలేదు. ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చుంది, అలవాటు చొప్పున.

"చిన్నమ్మా, నేనొక తప్పు జేసిన. గా కుట్లు మీయి కావు. నాయి."

"ఏవిటే నువ్వనేది?"

"మీ గళ్ళు ఇప్పి మళ్ళ కుట్టిన. నెలనెలా. ఎడమచేత్తోని."

అన్నపూర్ణేశ్వరికి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక మొహం ఎర్రబడింది.

"నా కుట్టు విప్పేవా? నన్నడక్కుండా?"

"ఇప్పిన."

"అంటే నా కళ్ళు పోతున్నాయని ఏడాది కిందటే నీకు తెలుసు. తెలిసీ చెప్పలేదు. ఆ రోజు యమున అవతల ఏ బోర్డు చూసినా మసకే. నేనెక్కడున్నానో నాకు తెలీలేదే. పసిపిల్లలా ఏడ్చేను రోడ్డు మీద. నువ్వు ఒక్క మాట చెప్పుంటే ఆ రోజు వచ్చేదా?"

అది నిజం. ప్రేమ కొద్దీ చేసిందే, కానీ చేసింది తప్పు. కస్తూరి ఏడుస్తూనే చెప్పింది. "చెప్తె మీరు సూది కింద పెడ్తరని భయమైంది చిన్నమ్మా. మీరు సూది ముట్టకుంట కూసుంటే నేను సూడలేను. నా తోని కాదు."

వంటింట్లో కుక్కరు మూడు కూతలు కూసింది. అన్నపూర్ణేశ్వరి వెళ్ళి స్టవ్ ఆర్పి వచ్చింది. కోపం ఇంకా దిగలేదు. "ఆ మూటేంటి?" అని అడిగింది.

కస్తూరి మూట విప్పి ఒక గడి తీసి ఇచ్చింది. "గా పోయినేడు జనవరివి ఐదు ఇప్పిన. ఇది ఇప్పబుద్ధి గాలే. దీనికి బదులు నా తాన ఉన్న మీ పాత ముక్కలతోని ఇంకోటి కుట్టి బుట్టల ఏసిన. ఇదొక్కటి నిజంగ మీరు కుట్టింది."

అన్నపూర్ణేశ్వరి కొత్త అద్దాలు సర్దుకుని, కిటికీ దగ్గరికి వెళ్ళి చూసింది. తిరగబడ్డ చీర ముక్క, మడత తప్పిన మూల, గాల్లో వేలాడే దారం. చాలాసేపు చూసింది. ఆవిడ భుజాలు కదులుతుంటే ఏడుస్తోందేమోనని కస్తూరి లేచి నిలబడింది. ఏడుపు కాదు.

"ఓసి నీ ఇల్లు బంగారంగానూ. ఇది గడేంటే? దీంట్లో కాలి బొటనవేలు కాదు, కాలే ఇరుక్కుంటుంది" అని పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుని, "దీనికన్నా నీదే నయం" అంది. తర్వాత అడిగింది. "నీ కుడిచెయ్యి బంగారంలాంటిది కదా. ఎడమచేత్తో ఎందుకు కుట్టేవు?"

"గా వాలు మీదే కదా చిన్నమ్మా. నా వాలు పెడ్తె గది మీ గడి ఎట్లయితది?"

అన్నపూర్ణేశ్వరి దగ్గరకు వచ్చి కస్తూరి ఎడమచెయ్యి పట్టుకుంది. చూపుడువేలి కొస మీద బొటనవేలు ఆనించి, గట్టిపడ్డ చర్మాన్ని తడిమింది. తన వేలికీ సరిగ్గా అక్కడే, అలాంటి గట్టి చర్మమే ఉంది.

"ఈ చెయ్యి కట్టేసినవాళ్ళున్నారు. పెట్టె అటకెక్కించినవాళ్ళున్నారు. మా వారు మంచాయన, ఆయన కూడా పదిమందిలో ఈ చేత్తో గ్లాసందుకోవద్దని కళ్ళతో చెబుతాడు" అంది నెమ్మదిగా. "ఇది కావాలని నేర్చుకున్నదానివి నువ్వొక్కదానివేనే కస్తూరీ."

కస్తూరి తల వంచుకుంది. సూదిపెట్టె తీసి ఇద్దరి మధ్య ఉన్న బల్ల మీద పెట్టింది. "మాటిచ్చిన్రు గదా, అందరి ముంగట" అంది భయంగా.

"ఏమని ఇచ్చేను? నా కుట్టు పాడైన రోజున అన్నాను. ఆ బొంతల్లో ఉన్న పాడు కుట్లు ఎవరివి?"

"నాయి."

"మరి నేనెందుకు కింద పెడతాను? నన్ను హైమవతి అడిగితే నీ పేరే చెబుతాను. నువ్వే పడు." పెట్టె మూత తీసి, సూది వెలుతురుకు పట్టి, ఒక్క పోటుకే దారం ఎక్కించింది. ఎక్కిందని తనే ఆశ్చర్యపోయి ఒక క్షణం ఆగింది. ఆ సూదిని కస్తూరికి అందించింది. కస్తూరి కుడిచెయ్యి చాచింది.

"ఆ చెయ్యి కాదు. అసలు నువ్వు గుడ్డ పట్టుకోవడమే తప్పు. కుడిచేత్తో కుట్టినట్టే పట్టుకుని ఎడమచేత్తో పొడిచేస్తే వేళ్ళు చిల్లులు పడక ఏమవుతాయి? గుడ్డ ఇటు తిప్పుకోవాలి."

"ఎట్ల?"

అన్నపూర్ణేశ్వరి చూపించబోయి ఆగింది. ఎదురుగా కుర్చీలో ఉన్న కస్తూరికి అది తిరగబడి కనిపిస్తుంది. అయిదేళ్ళుగా వాళ్ళిద్దరూ ఎదురెదురుగానే కూర్చున్నారు.

"ఇంకా అక్కడే కూచుంటావేం? ఇలా రా" అని దివాన్ మీద కాస్త జరిగింది. "నా పక్కన కూచో."